గణితం సెమినార్లు: అపోహలు - వాస్తవాలు

మా గణిత విభాగంలో వారం వారం జరిగే సెమినార్ల ఏర్పాట్లు నేనే చూస్తాను. వక్తను పిలవడం, గది ఖాళీ ఉందో లేదో చూసుకోవడం, నోటీసు పెట్టడం, టీ చెప్పడం, ఇవన్నీ తేలికే. ఎం.ఎస్సీ. పిల్లల్ని ఆ గదిలోకి రప్పించడమే కష్టం. వాళ్ళు చెప్పే కారణాలు ఏటా అవే.

అపోహ: అంతా అర్థమయ్యేవాళ్ళే వెళ్ళాలి.

అలాగైతే గదిలో వక్త ఒక్కరే మిగులుతారు. సంఖ్యా సిద్ధాంతం చేసేవాళ్ళకి అవకలన సమీకరణాల మీద ప్రసంగం చివరిదాకా అందదు. ముందు వరసలో తలాడించే ప్రొఫెసర్లకి కూడా సగం నుంచి దారి తప్పుతుంది, బయటికి చెప్పరంతే. మొదటి ఇరవై నిమిషాలు అందరికీ, తర్వాతి ఇరవై ఆ రంగం వాళ్ళకి, చివరి ఇరవై వక్తకి మాత్రమే అని మాలో ఒక మాట ఉంది. అందుకని రుజువు మొత్తం దింపుకోవాలని చూడకండి. ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ, ఒక సందేహం నోట్‌బుక్‌లోకి ఎక్కితే ఆ గంట గిట్టుబాటైనట్టే. ఏడాది తర్వాత ఏదో పుస్తకంలో అదే మాట ఎదురైతే కొత్తగా అనిపించదు.

అపోహ: మధ్యలో ప్రశ్న అడిగితే మర్యాద కాదు.

మన దగ్గర బాగా పాతుకుపోయింది ఇదే. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు అడ్డు రాకూడదని ఇంట్లో నేర్పారు, బళ్ళో నేర్పారు. గణితంలో ఆ అలవాటు పనికిరాదు. 1943లో మాస్కోలో ఇజ్రాయెల్ గెల్ఫాండ్ అనే గణితవేత్త మొదలుపెట్టిన సెమినార్ దశాబ్దాల పాటు సోమవారం సాయంత్రాలు నడిచింది. అక్కడ వక్త చెప్పింది చెప్పినట్టు సాగనిచ్చేవారు కాదు. గెల్ఫాండ్ శ్రోతల్లోంచి ఒక కుర్రాణ్ణి ఎంచుకుని, అతనికి అర్థమైందో లేదో అడిగేవాడు. కాలేదంటే వక్త మళ్ళీ చెప్పాల్సిందే. అంత కటువుగా నడపమని నేననను, కొందరు వక్తలు అక్కడ బాగా నలిగారు. కానీ ‘ఇక్కడ ఎన్ అంటే పూర్ణాంకమేనా సార్?’ అని అడిగితే వక్త సంతోషిస్తారు. బోర్డు మీద అది ఉన్నప్పుడే అడగాలి. చివర్లో అడుగుదామనుకుంటే అప్పటికి సందేహమూ గుర్తుండదు, బోర్డూ తుడిచేసి ఉంటుంది.

అపోహ: సొంత ఫలితం ఉంటేనే మాట్లాడాలి.

బుర్బాకీ అన్న కలంపేరుతో రాసే ఫ్రెంచ్ గణితవేత్తల బృందం 1948 నుంచి పారిస్‌లో నడుపుతున్న సెమినార్‌లో వక్తలు ఎక్కువగా ఇతరుల పనినే వివరిస్తారు. మన దేశంలోనూ మంచి సంప్రదాయం ఉంది. మచిలీపట్నంలో పుట్టిన గణితవేత్త కె. చంద్రశేఖరన్ ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో గణిత విభాగాన్ని నిర్మిస్తూ సీగెల్, లోరాన్ ష్వార్ట్జ్ వంటి పేరున్న విదేశీ గణితవేత్తలను పిలిపించి పాఠాలు చెప్పించారు. ఆ పాఠాలకు నోట్స్ రాసింది అక్కడి కుర్ర పరిశోధకులే. ఆ నోట్స్ ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోంది. మీరూ ఒక్క సిద్ధాంతం తీసుకుని తోటివాళ్ళకి చెప్పండి. చెప్పేటప్పుడే ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది.

అపోహ: సర్టిఫికెట్ రాని సెమినార్ దండగ.

ఇక్కడ తప్పు పిల్లలది కాదు, మాదే. జాతీయ సదస్సు అని బ్యానర్ కట్టి, జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు అయ్యేసరికి మధ్యాహ్న భోజనం వేళవుతుంది. గణితానికి మిగిలే కాసేపట్లో ‘టైమ్ అయిపోయింది సార్’ అని చీటీ పంపిస్తారు. సాయంత్రం సర్టిఫికెట్ల కోసం కట్టే క్యూ మాత్రం నిండుగా ఉంటుంది. వారం వారం జరిగే సెమినార్‌కి కాగితమేమీ ఇవ్వం. కానీ పీహెచ్‌డీ గైడ్‌ని వెతుక్కునేటప్పుడు, అక్కడ టీ తాగుతూ మాట్లాడిన పది నిమిషాలు ఫైలు నిండా ఉన్న సర్టిఫికెట్ల కంటే ఎక్కువ అక్కరకొస్తాయి.

అపోహ: స్లైడ్లు లేకపోతే వక్త ప్రిపేర్ కానట్టు.

స్లైడ్ మీద రుజువు రెండు సెకన్లలో దాటిపోతుంది. సుద్దముక్కతో రాస్తుంటే శ్రోత ఆలోచనకీ వ్యవధి దొరుకుతుంది. 1903లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే గణితవేత్త రెండు ఘాతం 67 నుంచి ఒకటి తీసివేసి, ఆ సంఖ్యే 193707721 × 761838257287 అని బోర్డు మీద గుణించి చూపించాడు. నోరు విప్పకుండానే వెళ్ళి కూర్చున్నాడని చెప్పుకుంటారు. అయితే బొమ్మలు, గ్రాఫులు ఎక్కువుంటే స్లైడ్లే నయం.

అపోహ: గణిత దినోత్సవం అంటే క్విజ్, ముగ్గుల పోటీ.

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు. 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నాం. క్విజ్ వద్దనను, ముగ్గులైతే అసలే వద్దనను. చుక్కల ముగ్గు ముందు నిలబడి ఇందులో ఎన్ని సౌష్ఠవ రేఖలున్నాయి, ఎంత తిప్పితే మళ్ళీ అదే బొమ్మ వస్తుంది అని అడిగితే సౌష్ఠవాల్ని చదివే గ్రూప్ థియరీ అక్కడే మొదలవుతుంది. బహుమతులిచ్చి పంపించేయడంతోనే పేచీ. పై (π) విలువ 3.14 కాబట్టి, నెల ముందు రాసే పద్ధతిలో 3/14 అయ్యే మార్చి 14న పై దినోత్సవం కూడా చేస్తున్నారు, మంచిదే. రోజు ముందు రాసే మన పద్ధతికి జులై 22 బాగా నప్పుతుంది: పై విలువకి దగ్గరగా ఉండే 22/7.

అపోహ: బయటి కాలేజీ వాళ్ళని రానివ్వరు.

చాలాచోట్ల రానిస్తారు. సెమినార్లు చూసే అధ్యాపకులకి ముందురోజు రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి, గేటు దగ్గర కాలేజీ ఐడీ కార్డు చూపించండి. దూరాన ఉంటే ఆన్‌లైన్ లింకు ఉందేమో అడగండి. 2020 తర్వాత చాలా విభాగాలు ఆ అలవాటు మానలేదు. వీలైతే పావుగంట ముందే రండి, టీ అప్పుడే ఇస్తాం.