మూతి వంకరపోతే ఏ మాత్ర ముందు?

మొన్న ఉప్పల్ నుంచి వచ్చిన ఆటో డ్రైవర్ ఒకాయన నా బల్ల మీద రెండు షీట్లు పెట్టారు. వైరస్ మాత్రల షీటు ఖాళీ. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల షీటు విప్పనే లేదు. మూతి వంకరపోయి అప్పటికి తొమ్మిది రోజులు. "స్టెరాయిడ్ అంటే కిడ్నీలు పోతాయన్నారు సార్. ఖరీదైన మాత్రలు మాత్రం ఒక్కటీ వదల్లేదు" అన్నారు. సరిగ్గా తలకిందులుగా వాడారు.

అపోహ: వైరస్ మందే అసలు మందు.

వాస్తవం: ఇలా ఉన్నట్టుండి ముఖం ఒక పక్క పడిపోయి మూతి వంకరపోయే జబ్బు బెల్స్ పాల్సీ. ఇందులో ముఖానికి వెళ్లే నరం చెవి వెనక ఎముకలోని ఇరుకు దారిలో వాచి, అక్కడే నలిగిపోతుంది. హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఉన్నమాట నిజమే, కానీ ముందు తగ్గాల్సింది వాపు. స్కాట్లాండ్‌లో 551 మందికి 72 గంటల్లోపే మందు మొదలుపెట్టి, పది రోజులు వాడించి పోల్చారు. 2007లో ఫలితాలు వచ్చాయి. తొమ్మిది నెలలకు ప్రెడ్నిసొలోన్ వాడినవారిలో 94 శాతం, వాడనివారిలో సుమారు 82 శాతం పూర్తిగా కోలుకున్నారు. వైరస్ మందు ఎసైక్లోవిర్ వల్ల అదనపు మేలు కనిపించలేదు. ముఖం బొత్తిగా కదలకపోతే రెండూ కలిపి రాస్తాం, వైరస్ మందు ఒక్కటే రాయం. చెవిలో పొక్కులుంటే అది వేరే జబ్బు, అక్కడ వైరస్ మందు తప్పనిసరి.

పది రోజుల స్టెరాయిడ్‌కు కిడ్నీలు పోవు. షుగర్ పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చేవారిలో షుగర్ లేనివారిని వెతుక్కోవాలి కనుక, ఆ పది రోజులూ ఇంట్లో పరీక్షించుకోమంటాను.

అపోహ: బస్సు కిటికీ గాలి తగిలి వచ్చింది.

వాస్తవం: ఆధారం లేదు. మఫ్లర్ కట్టుకుంటే నష్టమూ లేదు. పావురం రక్తం పూయడం మాత్రం దయచేసి మానండి.

అపోహ: మూతి వంకరంటే మెదడులో దెబ్బే.

వాస్తవం: కనుబొమలు పైకెత్తమంటాను. బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదుటిపై ముడతలు పడవు. స్ట్రోక్‌లో సాధారణంగా పడతాయి. అయితే ఈ పరీక్ష ఇంట్లో చేసి తేల్చుకోకండి. చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108.

అపోహ: కరెంటు పెట్టిస్తే, విటమిన్ ఇంజెక్షన్లు చేయిస్తే తొందరగా తగ్గుతుంది.

వాస్తవం: జేబు తొందరగా తగ్గుతుంది.

తొమ్మిదో రోజున స్టెరాయిడ్ మొదలుపెట్టినా దక్కేది అంతంతమాత్రం. నన్ను కలవరపెట్టింది ఆయన కన్ను. రెప్ప మూతపడక, రోజంతా రోడ్డు దుమ్ము పడి ఎర్రగా చింతనిప్పులా ఉంది. చీటీలో మొదట రాసింది కంటి చుక్కలు, రాత్రికి ఆయింట్‌మెంటు, రెప్ప మీద అంటించే టేపు.