అపోహలు – వాస్తవాలు: పల్లపు నేల మీద డిజైన్ సాఫ్ట్‌వేర్

ధవళేశ్వరం దిగువన నేల చూడటానికి బల్లపరుపే. కాటన్ దొర 1847 – 1852 మధ్య ఆనకట్ట కట్టించి, ఇటు తూర్పు డెల్టాకూ అటు పశ్చిమ డెల్టాకూ మధ్య డెల్టాకూ కాలువలు పారించగలిగాడంటే, ఈ బల్లపరుపులో దాగిన కొద్దిపాటి వాలును పట్టుకున్నందువల్లే. ఇప్పుడు మన చేతిలో కాలువలు, రోడ్లు డిజైన్ చేసే సివిల్ 3డీ ఉంది, నీటి ప్రవాహం, ముంపు లెక్కగట్టే హెక్‌రాస్ ఉంది, కట్టడాల బలం లెక్కగట్టే స్టాడ్ ఉంది. వీటి డిఫాల్ట్ సెట్టింగులేవీ కోనసీమను చూసి పెట్టినవి కావు. కొత్తగా చేరే కుర్రాళ్ల నోటా, కొన్నిసార్లు సీనియర్ల నోటా కూడా వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ తీసుకుంటున్నాను. నా పని ఎక్కువగా కాలువలు, డ్రెయిన్లు, రోడ్ల మీద కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: డ్రాయింగ్ షీట్ మీద వాలు 0.01 శాతం అని పడిందంటే డిజైన్ ప్రకారం ఉన్నట్టే

నన్నడిగితే అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. ప్రొఫైల్ (కాలువ పొడవునా ఎత్తులు చూపే గీత) లేబుల్‌లో వాలును శాతంలో, రెండు దశాంశ స్థానాల వరకే చూపించడం చాలా ఆఫీసుల్లో మామూలు. 8,000కి 1 వాలు అంటే 0.0125 శాతం. 16,000కి 1 అంటే 0.00625 శాతం. రెండూ షీట్ మీద 0.01 గానే పడతాయి! కాలువలో ఎంత నీరు పారుతుందో చెప్పే మ్యానింగ్ సూత్రంలో ప్రవాహం వాలు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే అదే కాలువలో, అదే లోతులో మొదటి వాలుకు రెండోదానికంటే 41 శాతం ఎక్కువ నీళ్లు పారతాయి. డ్రాయింగ్ చెక్ చేసే ఆఫీసరుకు గానీ, సైట్‌లో బెడ్ లెవెల్ (కాలువ అడుగు ఎత్తు) పెట్టే మేస్త్రీకి గానీ ఆ తేడా కనపడే దారే లేదు.

లేబుల్ స్టైల్ తెరిచి దశాంశ స్థానాలు నాలుగైదుకు పెంచండి, లేదా వాలును శాతంలో కాకుండా నిష్పత్తిలో చూపించండి. ప్రొఫైల్ వ్యూలో నిలువు కొలతను పదింతలు సాగదీసి చూపడం ఎత్తుపల్లాలున్న రోడ్లకు సరిపోతుంది. ఇక్కడ అలా పెడితే కాలువ అడుగు, గట్టు, పొలం మూడూ మూడు సమాంతర గీతల్లా కనిపిస్తాయి. వందింతలు పెట్టి చూడండి, ఎక్కడ బెడ్ ఎదురు వాలుగా లేచిందో అప్పుడు తెలుస్తుంది. ఈ మార్పులన్నీ ఒక్కసారి చేసి ఆఫీసు టెంప్లేట్‌లో సేవ్ చేసుకుంటే ప్రతి ఫైల్‌లోనూ మళ్లీ చేయక్కర్లేదు. ఏ కొత్త ఫీచరు కంటే కూడా ఇదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

అపోహ: జీపీఎస్ రోవర్ చూపించేదే సముద్రమట్టం నుంచి ఎత్తు

రోవర్ అంటే సర్వేలో చేత పట్టుకు తిరిగే జీపీఎస్ పరికరం. అది మొదట లెక్కగట్టేది ఎలిప్సాయిడ్ మీద నుంచి ఎత్తు. ఎలిప్సాయిడ్ అంటే భూమికి గణితం ఇచ్చిన నున్నటి ఆకారం. సముద్రమట్టాన్ని అనుసరించే జియాయిడ్ వేరు. భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే 106 మీటర్ల దాకా కిందికి ఉంటుంది, ప్రపంచంలోనే అతి పెద్ద పల్లం అది. దాని ప్రభావం మన తీరం దాకా ఉంది కాబట్టి జియాయిడ్ మోడల్ లేకుండా అమలాపురంలో చదివితే వరిచేను సముద్రం కంటే పదుల మీటర్ల కింద ఉన్నట్టు చూపిస్తుంది. అంత పెద్ద తప్పును ఎవరైనా పట్టుకుంటారు, కాబట్టి దాంతో టెన్షన్ లేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాతి అడుగులో ఉంది. ఒక బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గర తేడా ఎంతో చూసి, ఆ ఒక్క అంకెనే పాతిక కిలోమీటర్ల కాలువకంతా కలిపేస్తారు. జియాయిడ్ తలం ఒంపుగా ఉంటుంది, ఆ తేడా కిలోమీటరు కిలోమీటరుకూ సెంటీమీటర్లలో మారవచ్చు. 8,000కి 1 వాలున్న కాలువ కిలోమీటరు పొడవునా దిగేదే పన్నెండున్నర సెంటీమీటర్లు! అందుకే ప్లాన్‌కి రోవర్ వాడండి, ఎత్తులకు మాత్రం ఆటో లెవెల్ పరికరంతో వెళ్లి, తిరిగొచ్చి, మొదలైనచోటే క్లోజ్ చేసి తేడా చూడండి. కాలువ రెండు చివర్లా బెంచ్‌మార్క్ పట్టుకోండి. లాకుల దగ్గర, తూముల దగ్గర ఉన్న పాత సిల్ లెవెళ్లను (తలుపు కింది గడప ఎత్తులను) కూడా ఒకసారి చదివితే రికార్డులో ఉన్న డేటమ్ (ఎత్తులు కొలిచే ఆధారం), మీ డేటమ్ కలిశాయో లేదో తేలిపోతుంది.

పాత టోపోషీట్లు (సర్వే పటాలు) ఎవరెస్ట్ గోళాభం అనే వేరే ఎలిప్సాయిడ్ మీద గీసినవి. వాటిని స్కాన్ చేసి నేరుగా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డ్రాయింగ్ కింద పెడితే గ్రామాలు వంద మీటర్లకు పైగా జరిగిపోతాయి. కోఆర్డినేట్ సిస్టమ్ ఎంచుకుని మార్చాలి, చేత్తో జరిపి అతికించకూడదు.

అపోహ: డ్రోన్ ఎగరేస్తే లెవెల్ పరికరాన్ని అటకెక్కించొచ్చు

డ్రోన్ మంచిదే, మేమూ వాడతాం. కానీ కెమెరా డ్రోన్ తనకు కనపడినదాన్నే కొలుస్తుంది. కొబ్బరితోటలో దానికి కనపడేది మట్టలు. తోట కింద కోకో, అరటి కూడా ఉంటే నేల అసలే కనపడదు. లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ అయితే ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకుతాయి, అయినా వడపోత జాగ్రత్తగా చేయాలి. చేపల చెరువుల మీద ఎగరేస్తే నీటి మట్టం వస్తుంది, అడుగు రాదు. కాలువ సంగతీ అంతే.

సమయం కూడా చూసుకోవాలి. దాళ్వా కోతలు అయ్యాక, సార్వాకు కాలువలు వదలకముందు దొరికే ఎండాకాలపు వారాలే మనకు అసలైన సర్వే సీజన్. పొలం బోసిగా ఉంటుంది, కాలువ అడుగు కనపడుతుంది, బోదెలు ఎండి ఉంటాయి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే, అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన 30 మీటర్ల గడుల ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తుల డేటా సంగతి ఇంకా చెప్పనక్కర్లేదు. దాని నిలువు కచ్చితత్వానికి పెట్టుకున్న లక్ష్యమే 16 మీటర్లు. వాస్తవంలో అంతకంటే బాగానే ఉంటుంది గానీ, మొత్తం మండలంలో ఎత్తుల తేడా రెండు మూడు మీటర్లే ఉన్నచోట దాంతో డ్రెయిన్ డిజైన్ చేయడం జోస్యం చెప్పడమే.

సర్ఫేస్ (కొలిచిన పాయింట్లను త్రిభుజాలుగా కలిపి చేసే నేల రూపం) కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పాయింట్లు మాత్రమే ఇచ్చి వదిలేస్తే సాఫ్ట్‌వేర్ త్రిభుజాలను తనకు తోచినట్టు కలుపుతుంది. ఈ గట్టు పాయింటు నుంచి కాలువ దాటి ఆ గట్టు పాయింటుకు గీత వేస్తే కాలువ మాయం. గట్టు పైఅంచులకు, కింది అంచులకు, బెడ్ అంచులకు బ్రేక్‌లైన్లు (త్రిభుజాలు దాటకూడని గీతలు) తప్పనిసరి. త్రిభుజం గరిష్ఠ పొడవుకు హద్దు పెట్టండి. కాంటూర్లు అందంగా రావాలని స్మూతింగ్ పెంచకండి.

అపోహ: కొత్త వెర్షన్ వేస్తే పని దానంతటదే తగ్గుతుంది

కొన్ని ఫీచర్లు నిజంగా మంచివి. సివిల్ 3డీతోపాటే వస్తున్న డైనమోతో (ఒకే పనిని పదేపదే దానంతటదే చేయించే సాధనం) ప్రతి తూము దగ్గరా ఒకే రకం లేబుల్, ఒకే రకం బ్లాక్ పెట్టడం లాంటి విసుగు పనులు నిమిషాల్లో అయిపోతాయి. ప్రాజెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో అలైన్‌మెంట్లు, ప్రొఫైళ్లు పట్టికలా ఒకచోట కనిపించడం చెకింగ్‌కు చాలా సుఖం.

గ్రేడింగ్ ఆప్టిమైజేషన్ మీద మాత్రం ఇక్కడ కొంచెం అనుమానంతోనే చూడాలి. తవ్వకం, మెరక రెండూ సమానంగా వచ్చేలా సైట్‌ను సర్దడం దాని బలం. మన లేఅవుట్లలో తవ్వడానికి ఏముంది? కాస్త తవ్వితే నీళ్లు. మెరకంతా బయట నుంచి టిప్పర్లలో తోలాల్సిందే. కాబట్టి రెండూ సమానం కావాలన్న షరతు తీసేసి, రోడ్డుకు పక్క డ్రెయిన్ కంటే కనీసం ఎంత ఎత్తు ఉండాలో ఆ నియమం పెట్టండి. మెరక పరిమాణం తగ్గించమని దాన్ని అడగండి. అప్పుడు పనికొచ్చే జవాబు ఇస్తుంది.

ఇక ప్రాజెక్ట్ మధ్యలో వెర్షన్ మార్చొద్దు. డ్రాయింగ్ ఫైళ్ల డీడబ్ల్యూజీ ఫార్మాట్ 2018 నుంచి ఒకటే అయినా సివిల్ 3డీ సొంత ఆబ్జెక్టులు పాత వెర్షన్‌లో సరిగా తెరుచుకుంటాయన్న భరోసా లేదు. మీరు కొత్తదానిలో సేవ్ చేసి పంపితే అవతలివాళ్లకు సర్ఫేస్ బదులు కదలని బొమ్మ రావచ్చు. అలాంటప్పుడు వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా మార్చుకునే ల్యాండ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్‌లో పంపండి.

అపోహ: హెక్‌రాస్ మ్యాప్ మీద నీలి రంగు రాలేదంటే ముంపు లేదు

దీని మీద కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే మునిగేది జనం ఇళ్లు.

మొదటిది గట్టు. 2డీ మెష్‌లో (నేలను గడులుగా విడగొట్టిన వలలో) నీరు ఒక గడిలోంచి పక్క గడిలోకి వెళ్లేది వాటి మధ్య అంచు మీదుగా. ఏటిగట్టు గానీ రోడ్డు గానీ గడి మధ్యలో పడితే, ఆ గట్టు ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. నీరు గట్టును దాటకుండానే అటువైపు తేలుతుంది. గట్టు పొడవునా బ్రేక్‌లైన్ గీసి, గడుల అంచులు దాని మీదకు వచ్చేలా చూడాలి. 2021లో వచ్చిన 6.0 వెర్షన్‌లో టెర్రెయిన్‌ను (నేల ఎత్తుల పటాన్ని) హెక్‌రాస్‌లోని రాస్ మ్యాపర్‌లోనే సవరించే సౌకర్యం ఇచ్చారు. అసలు టెర్రెయిన్‌ను ముట్టుకోకుండా దాని క్లోన్ మీద గట్టు ఎత్తు పెంచొచ్చు, డ్రెయిన్ లోతు చేయొచ్చు, ఒకచోట గండి కూడా పెట్టి చూడొచ్చు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడ్డ సంగతి పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. గట్టు నిలబడుతుందన్న ఒక్క ఊహతోనే మోడల్ నడిపితే సగం పనే అయినట్టు.

రెండోది గుర్రపుడెక్క. శుభ్రమైన మట్టి డ్రెయిన్‌కు మ్యానింగ్ సూత్రంలో గరుకుదనం చెప్పే ఎన్ విలువ 0.025 వేస్తాం, తప్పులేదు. కానీ కలుపు నీటి లోతంతా నిండిన కాలువకు పుస్తకాల్లో ఇచ్చే మామూలు విలువ 0.08. అదే లోతులో సామర్థ్యం మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. డ్రెయిన్ పక్కన ఊళ్లో ఎవరినడిగినా తూడు, డెక్క ఏ నెలలో ఎంత ఉంటాయో చెబుతారు. నేను రెండు విలువలకూ నడిపి, రెండు ఫలితాలూ రిపోర్టులో పెడతాను. క్లయింటుకు ఒక్క అంకె కావాలని ఉంటుంది, అర్థం చేసుకోదగ్గదే, కానీ ఒక్క అంకె ఇస్తే అది ఆశాభావం మాత్రమే అవుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: దిగువ హద్దు. బౌండరీ కండిషన్‌లో (మోడల్ అంచున నీటి పరిస్థితి చెప్పేచోట) నార్మల్ డెప్త్ ఎంచుకుంటే, డ్రెయిన్ నీరు చివర్లో అడ్డు లేకుండా జారిపోతుందని ఒప్పుకున్నట్టే. కానీ మన డ్రెయిన్లు చేరేది సముద్రానికో, నదీ పాయకో, ఉప్పుటేరుకో. పోటు సమయంలో నీరు బయటికి పోదు, వెనక్కి తోస్తుంది. పాటు వచ్చేదాకా పొలంలోనే ఆగాలి. అమావాస్య, పౌర్ణమి పోటు రోజుల్లో వాన పడితే ఏమవుతుందో రైతుకు మన కంటే బాగా తెలుసు. కాబట్టి గంటగంటకూ మారే సముద్ర మట్టాన్ని స్టేజ్ హైడ్రోగ్రాఫ్‌గా ఇవ్వండి, తుఫాను ఉప్పెనకు వేరే పరుగు పెట్టండి. నదిలో వరద ఉన్నప్పుడు పక్క డ్రెయిన్ తలుపులు మూసుకునే ఉంటాయి, ఆ పరిస్థితికి ఇంకో పరుగు. కంప్యూటర్‌కు కొన్ని గంటలు ఎక్కువ పట్టొచ్చు, పట్టనివ్వండి.

అపోహ: స్టాడ్‌లో అన్ని మెంబర్లూ పాసైతే బిల్డింగ్ సేఫ్

మీరిచ్చిన లోడ్లకు, మీరిచ్చిన సపోర్టులకు పాసైంది, అంతే. గాలి భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం 2015 ప్రకారం తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు తుఫాను ప్రాముఖ్యత గుణకం కె4 చూడాలి. డెల్టాలో చాలా భాగం ఆ హద్దులోకే వస్తుంది. పరిశ్రమల కట్టడాలకు 1.15, తుఫాను షెల్టర్లు, ఆసుపత్రులు, బడుల లాంటివాటికి 1.30. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.15 అంటే ఒత్తిడి 32 శాతం, 1.30 అంటే 69 శాతం ఎక్కువ. రైస్ మిల్లు షెడ్డు, రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు వేసేవాళ్లు వేరే ఊరి పాత ఫైల్‌ను కాపీ చేసి కొలతలు మార్చి ఇచ్చేస్తుంటారు. గుణకం మాత్రం పాతదే ఉండిపోతుంది.

సపోర్టుల సంగతీ చూడండి. మెత్తటి బంకమట్టి మీద పునాదిని ఫిక్స్‌డ్ అని నొక్కేస్తే నేల రాయిలా ఉందని చెప్పినట్టు. బోర్‌హోల్ రిపోర్టు తెచ్చుకుని స్ప్రింగులు ఇవ్వండి, ఒక స్తంభం మిగతావాటికంటే ఎక్కువ కుంగే కేసు కూడా పెట్టండి.

అపోహ: డ్రాయింగ్‌లో కిలోమీటరు అంటే నేల మీద కిలోమీటరే

భూమిని జోన్లుగా విడగొట్టి చదును గ్రిడ్ మీద చూపే యూటీఎమ్ పద్ధతిలో మనది 44వ జోన్, మధ్య రేఖాంశం 81 డిగ్రీలు. డెల్టా ఆ రేఖకు దగ్గర్లోనే ఉండటం వల్ల గ్రిడ్ దూరం నేల దూరం కంటే తక్కువ వస్తుంది. రాజమండ్రి దగ్గర కిలోమీటరుకు 31 సెంటీమీటర్ల వరకు, భీమవరం దగ్గర 36 వరకు. భీమవరం పక్కన 20 కిలోమీటర్ల రోడ్డు వేస్తే చైనేజీలో (రోడ్డు పొడవునా లెక్కించే దూరంలో) ఏడు మీటర్ల తేడా వస్తుంది. డ్రాయింగ్ సెట్టింగుల్లో ట్రాన్స్‌ఫర్మేషన్ ట్యాబ్‌లో స్కేల్ ఫ్యాక్టర్ ఇచ్చి, గ్రిడ్ దూరమా నేల దూరమా అన్నది ప్రతి షీట్ మీదా రాయండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పూడికతీత పరిమాణమే ఫైనల్

రెండు సర్ఫేస్‌ల మధ్య లెక్కించిన ఘనపరిమాణం, క్రాస్ సెక్షన్ల సగటుతో వచ్చిన ఘనపరిమాణం ఒకటి కావు. కాలువ వంపుల్లో, సెక్షన్లు దూరదూరంగా ఉన్నచోట తేడా పెరుగుతుంది. ఎం-బుక్‌లో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో) రాసేది సెక్షన్ లెక్కే అయితే సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే పద్ధతి, అదే దూరం పెట్టండి. వంపుల దగ్గర శాంపిల్ లైన్లు (సెక్షన్ తీసే గీతలు) దగ్గరగా వేయండి. కాలువలకు నీళ్లు ఆపేశాక, జేసీబీ దిగకముందు తీసిన లెవెళ్లను తేదీతో సహా వేరే సర్ఫేస్‌గా దాచండి. దాన్ని డేటా షార్ట్‌కట్‌గా మాత్రమే మిగతా డ్రాయింగుల్లోకి తెచ్చుకోండి, ఎవరూ పొరపాటున మార్చలేరు. పని అయ్యాక తీసిన లెవెళ్లకు ఇంకో సర్ఫేస్. బిల్లు మీద ప్రశ్న వచ్చిన రోజున చూపించాల్సినవి ఈ రెండే.