ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఏ టైర్లు? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆల్ వీల్ డ్రైవ్ కార్లు, అంటే ఇంజిన్ పవర్ నాలుగు చక్రాలకూ వెళ్లే కార్లు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి. టైర్లు మార్చే వేళకు మాత్రం చాలామంది కెనడాలో ఉన్న అబ్బాయి చెప్పిన మాటో, వీడియోలో చూసిన ముక్కో పట్టుకుని షాపుకొస్తున్నారు. మన రోడ్ల మీద టైరును తినేసేవి ఎండ, వాన, తక్కువ గాలి. చలి కాదు.

అపోహ: నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి టైరు ఏదైనా పర్వాలేదు.

వాస్తవం: నాలుగు చక్రాలకూ పవర్ అందితే కారు కదలడం తేలిక. బురదలోంచి బయటపడటానికి, తడిసిన ఎత్తు ఎక్కడానికి అది నిజంగా పనికొస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆ సాయం ఉండదు. మామూలు కారుకు కూడా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. పైగా ఈ కార్లకు బరువు ఎక్కువ. సాలూరు దాటి కోరాపుట్ వైపు ఘాట్‌లో గానీ, ఎస్.కోట నుంచి అరకు వెళ్లే దారిలో గానీ ఎక్కేటప్పుడు ఏ లోపమూ తెలియదు. అదే ధీమాతో వానలో దిగుతుంటే మలుపులో ముందు చక్రాలు తిప్పిన వైపు తిరగకుండా తిన్నగా జారిపోతాయి.

ఘాట్ దాకా వెళ్లక్కర్లేదు. చోళ్లు, ఉలవలు నూర్చే రోజుల్లో పల్లె రోడ్ల మీద పంట పరిచి బళ్లతో తొక్కిస్తారు. ఎండిన ఉలవ తీగ తారును కప్పేశాక టైరు రోడ్డును తాకదు. బ్రేకు తొక్కితే పెడల్ కింద, చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ గరగరలాడుతుంది గానీ కారు ముందుకే పోతుంది. కొత్త టైర్లున్నా అక్కడ 30 లోపే నడపండి. వెనక చక్రాలకు పవర్ తీసుకెళ్లే షాఫ్టు ఈ కార్లకు అడుగున పొడుగ్గా ఉంటుంది, దానికి గడ్డి చుట్టుకుంటుంది. వేడి సైలెన్సరుకు తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది. దాటగానే ఆగి కిందికి వంగి చూడండి, గడ్డి మీద మాత్రం కారు ఆపొద్దు.

అపోహ: డిసెంబరులో అరకు, లంబసింగి చలికి వింటర్ టైర్లు కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. 7 డిగ్రీల కంటే కింద కూడా మెత్తగా ఉండేలా వింటర్ టైరు రబ్బరు తయారుచేస్తారు. టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కల (బటన్ల) నిండా ఉండే సన్నని చీలికలు రోడ్డు మీద పేరుకున్న మంచును పట్టుకుంటాయి. మన ఎండలకు ఆ రబ్బరు మరీ మెత్తబడి బటన్లు ఊగుతాయి, త్వరగా అరుగుతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. కొన్ని తెల్లవారుజాములు బాగా చల్లబడినా అక్కడ మీకు ఎదురయ్యేది పొగమంచు. దానికి మందు ఫాగ్ లైట్లు, తక్కువ వేగం.

ఇక్కడ తారు రోడ్లకు హెచ్/టీ (హైవే టెర్రెయిన్) రకం సరిపోతుంది. ఏజెన్సీ గ్రామాల మట్టిదారుల్లో వారం వారం తిరిగేవాళ్లకైతే ఏ/టీ (ఆల్ టెర్రెయిన్) మంచిది. శబ్దం, డీజిల్ ఖర్చు కాస్త పెరుగుతాయి. చూడటానికి బాగుందని పెద్ద బటన్ల మడ్ టైరు వేయించుకుంటే తడి తారు మీద పట్టు తగ్గుతుంది.

అపోహ: టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అని ఉంటే మంచుకు పనికొస్తుంది.

వాస్తవం: ఆ అక్షరాలు బటన్ల డిజైన్ గురించి కంపెనీ చెప్పుకునేవే. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకు మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉంటుంది. కెనడాలో ఉన్న పిల్లలు, కాశ్మీర్ వైపు పోస్టింగులో ఉన్న మన జవాన్లు చూడాల్సింది ఆ గుర్తే. మంచు అప్పుడప్పుడు పడి వెంటనే తీసేసే ఊళ్లలో ఆ గుర్తున్న ఆల్ సీజన్ (ఏడాది పొడుగునా వాడే) టైర్లు చాలు. నెలల తరబడి 7 డిగ్రీల కింద ఉండే చోట ఆల్ వీల్ డ్రైవ్‌కైనా వింటర్ టైర్లే వేయాలి, అదీ నాలుగూ. ముందు రెండే వేస్తే మలుపులో వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఇవి చట్టప్రకారం తప్పనిసరి.

అపోహ: రెండు టైర్లు అరిగితే రెండే మార్చుకోవచ్చు.

వాస్తవం: ఈ కార్లకు అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తెచ్చేది ఇదే. 235/65 ఆర్17 సైజు టైరు ఒక చుట్టుకు సుమారు 2,316 మిల్లీమీటర్లు కదులుతుంది. కొత్తదానికి గాడి లోతు 8 మిల్లీమీటర్లు, పాతదానికి 4 అనుకోండి. చుట్టుకొలతలో 25 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అంటే అరిగిన చక్రం కిలోమీటరుకు నాలుగైదు చుట్లు ఎక్కువ తిరగాలి. తిన్నటి హైవే మీద కూడా ఆ తేడాను, ముందు వెనక చక్రాలకు పవర్ పంచి వాటి వేగాల తేడాను సర్దే కప్లింగో, సెంటర్ డిఫరెన్షియలో భరిస్తూనే ఉంటుంది. వేడెక్కి ఆయిలు పాడవుతుంది, ప్లేట్లు అరుగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు కారు పట్టేసినట్టు కుదుపుతుంటే అనుమానించండి.

నాలుగు టైర్ల మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. మీ కారు మాన్యువల్లో ఇంకా తక్కువ చెప్పి ఉంటే అదే పాటించండి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తే అన్నీ దాదాపు ఒకేలా అరుగుతాయి. ఒక్కటి చిరిగిపోయి మిగతావి సగం అరిగి ఉంటే నాలుగూ కొనాల్సిందే. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి.

థార్, జిమ్నీ లాంటి బళ్లలో మరో పొరపాటు జరుగుతుంది. పట్టు కోసమని పొడి తారు మీద 4హెచ్‌లో, అంటే ముందు వెనక చక్రాలను కలిపి బిగించే ఫోర్ వీల్ మోడ్‌లో, నడుపుతారు. వాటికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపుల్లో షాఫ్టులు మెలిపడి గేర్ల మీద భారం పడుతుంది. 4హెచ్ బురదకు, ఇసుకకు, వదులు మట్టికి.

అపోహ: ఎండాకాలం టైరు పేలకుండా గాలి తగ్గించాలి.

వాస్తవం: ఎక్కువగా పేలేది గాలి తగ్గితేనే. తక్కువ గాలితో సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లోపల వేడెక్కుతుంది. హైవే మీద నిండు లోడుతో గంటసేపు పోతే లోపలి పొరలు విడిపోతాయి. 10 డిగ్రీల వేడికి గాలి ఒత్తిడి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ (గాలి కొలత) దాకా పెరగడం మామూలే, కంపెనీ అది లెక్క వేసే పెట్టింది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, బండి కదలకముందు, పొద్దున్నే కొట్టించండి. వేడి టైరులో గాలి తీయొద్దు.

అపోహ: గాడి కనిపిస్తున్నంత కాలం టైరు బాగున్నట్టే.

వాస్తవం: చట్టం 1.6 మిల్లీమీటర్లు అంటుంది. మన వానలకు 3 దగ్గరే మార్చండి. అంతకంటే తక్కువుంటే నీరు బయటికి పోవడం బాగా తగ్గి, నీళ్లు నిలిచిన హైవే మీద కారు తేలిపోతుంది. లోతు కొలిచే గేజితో లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా కొలవండి. లోపలి అంచే ఎక్కువ అరిగితే కొత్త టైర్లు ఎక్కించే ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) చేయించాలి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఐదేళ్లు దాటితే ఏటా టైరు విప్పించి లోపలి వైపు కూడా పగుళ్లు చూపించండి.