స్పిల్‌వే మోడల్: బొమ్మ బాగుంటే డ్యామ్ బాగున్నట్టేనా?

కృష్ణకు వరద రాగానే మా పెద్దమ్మ ఫోను చేస్తుంది. "శ్రీశైలం గేట్లన్నీ ఎత్తారట, భయం లేదు కదమ్మా?" గేట్లు ఉన్నది ఎత్తడానికే పెద్దమ్మా, లేవకపోతేనే భయపడాలి అంటాను. ఆవిడను తప్పుపట్టను. నది ఒడ్డున ఇల్లున్న మనిషి. ఏటా పాత వీడియోను కొత్తదిగా పంచేవాళ్ల మీదే నా కోపం.

అసలు ముంచేది ఈ అపోహ: "కంప్యూటర్ మోడల్ చేయించాం, ఇక స్పిల్‌వేకు ఢోకా లేదు."

డ్యామ్ నుంచి వరద నీటిని కిందికి వదిలే కట్టడమే స్పిల్‌వే; దాని మీద నీరు ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం మా పని. మోడల్‌లో మేమిచ్చిన ఆకారం మీద మేమిచ్చిన ప్రవాహమే పారుతుంది. పియర్ల (గేట్ల మధ్య స్తంభాల) దగ్గర నీటిమట్టం, క్రెస్టు (నీరు దాటే శిఖరం) మీద పీడనం, ఎన్ని క్యూసెక్కులు దాటతాయి, ఇవన్నీ చెబుతుంది. కాంక్రీటు మాత్రం దాని లెక్కలో పగుళ్లు లేని గోడ, ఎందుకంటే అలా అనుకొమ్మన్నది మేమే. 2017 ఫిబ్రవరి 7న కాలిఫోర్నియాలోని ఒరోవిల్ డ్యామ్ స్పిల్‌వే పూర్తి సామర్థ్యంలో ఐదో వంతు నీటికే విరిగింది. పగుళ్లు, అతుకుల గుండా నీరు పలకల కిందికి చేరి వాటిని పైకి లేపింది. అయిదు రోజులకు అత్యవసర స్పిల్‌వే కింద కొండవాలు కూడా కోసుకుపోతుంటే లక్షా ఎనభై వేల మందికి పైగా ఇళ్లు వదిలారు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయింది గొలుసు తెగి. అప్పుడు పెద్దమ్మ అడిగింది: "మీ కంప్యూటర్‌లో ఆ గొలుసు ఉంటుందా?" ఉండదు. ఏ సమావేశంలోనూ నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఉన్నదాన్నైనా సరిగ్గా చూపిస్తుందా అంటే, అదీ మెష్‌ను బట్టే, అంటే లెక్క కోసం నీటిని విడగొట్టే గడుల వలను బట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటరు గడులతో ఒక మోడల్ నడిపాను. నీలిరంగు నీరు నునుపుగా జారుతుంటే అందరూ మెచ్చుకున్నారు. గడుల సైజు సగానికి తగ్గించి మళ్లీ నడిపితే క్రెస్టు దాటిన చోట పీడనం ముందుకన్నా బాగా కిందికి దిగింది. ముతక గడులు ఆ పీడనపు గుంటను పూడ్చేశాయి. పీడనం మరీ పడిపోతే కాంక్రీటే దెబ్బతింటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఎవరు రంగుల వీడియో చూపించినా ముందు అడిగేది ఒక్కటే: మెష్ మార్చి చూశారా?

మిగతా అపోహలు గబగబా. "కంప్యూటర్ వచ్చాక పుణె జల ప్రయోగశాలలో నీళ్లు పారించి చూసే చిన్న నమూనాలు దండగ." కాదు. 50 లక్షల క్యూసెక్కులకు కట్టిన పోలవరం స్పిల్‌వేను కూడా అక్కడ నమూనా కట్టి పరీక్షించారు. నీటిలో గాలి కలిసే తీరు చిన్న నమూనాకూ లొంగదు, మా లెక్కలకూ పూర్తిగా లొంగదు. అందుకే రెండూ కావాలి.

"ఎంత వరద వస్తుందో మోడల్ చెబుతుంది." అది హైడ్రాలజీ వాళ్ల పని, అంటే వానను బట్టి నదికి వచ్చే నీటిని అంచనా వేసేవాళ్లది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వస్తాయని ఏ స్పిల్‌వే మోడలూ చెప్పేది కాదు.