మింగిన కెమెరా చూసేదీ, తేల్చలేనిదీ

మలం తారులా నల్లగా పోతోంది. పరీక్ష చేయించిన ప్రతిసారీ హిమోగ్లోబిన్ ఇంకాస్త పడిపోతోంది. నోటి నుంచి గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం శుభ్రంగా ఉంది, కింది నుంచి వేసి చూస్తే పెద్దపేగులోనూ ఏమీ లేదు. రక్తం మాత్రం పోతూనే ఉంది. ఒకప్పుడు ఇలాంటి రోగుల విషయంలో వైద్యులకు ఏమీ పాలుపోయేది కాదు. ఆ రెండు గొట్టాలకూ అందని సుమారు 6 మీటర్ల చిన్నపేగు మధ్యలో మిగిలిపోయేది. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే పేగు ఆకారం తెలిసేది కానీ, అందులో రక్తం చిమ్మే చిన్న నాళం ఆ నీడలో ఎక్కడ కనిపిస్తుంది?

లోపలికి చూడాలన్న ఆరాటం పాతదే. 1868లో జర్మనీ వైద్యుడు ఆడాల్ఫ్ కుస్‌మౌల్ తిన్నని లోహపు గొట్టం దించడానికి కత్తులు మింగే గారడీవాడిని పిలిపించుకున్నాడు. మామూలు మనిషి గొంతు అందుకు ఒప్పుకోదు మరి. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ గాజు పోగులతో చేసిన వంగే గొట్టాన్ని మొదట తన గొంతులోకే దించుకున్నాడు. ఇవన్నీ బయటి నుంచి తోసేవే. చిన్నపేగు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి తోసే కొద్దీ ముడుచుకుంటుందే తప్ప దారి ఇవ్వదు.

తోయడం మానేసి కెమెరానే మింగించేస్తే సరి అన్న ఆలోచన వైద్యుడిది కాదు, క్షిపణులకు కళ్లు అమర్చే ఇంజనీరుది. ఇజ్రాయెల్‌కు చెందిన గావ్రియెల్ ఇద్దాన్ 1981లో బోస్టన్‌లో ఉన్నప్పుడు, పొరుగున ఉండే జీర్ణకోశ వైద్యుడు ఈ చిన్నపేగు బాధే చెప్పుకొచ్చాడు. కానీ అప్పటి కెమెరాలు గుండీ బ్యాటరీని నిమిషాల్లో తాగేసేవి. చాలా తక్కువ విద్యుత్తుతో పనిచేసే చిత్ర గ్రాహకాలు (ఇమేజ్ సెన్సర్లు) 1990లలో వచ్చాకే ఆ ఊహకు ప్రాణం వచ్చింది. లండన్‌లో పాల్ స్వెయిన్ అనే వైద్యుడు కూడా విడిగా ఇదే ప్రయత్నంలో ఉన్నాడు. ఇద్దరూ చేతులు కలిపారు. 2001లో అమెరికాలో వాడకానికి అనుమతి దొరికింది.

రోగి పరగడుపున వచ్చి 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా ఉన్న గొట్టం మాత్రను (క్యాప్సూల్) నీళ్లతో మింగుతాడు. నడుముకు రికార్డర్ కట్టుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. తొలినాటి మాత్ర సెకనుకు 2 చొప్పున, 8 గంటల్లో 57,600 చిత్రాలు తీసేది. పేగు తన సహజ కదలికతో దాన్ని ముందుకు నెట్టుకుపోతుంది. తెర మీద కనిపించేది పేగు లోపలి గోడ మీద తువ్వాలు నూలు పోగుల్లా ఉండే ఆంత్రచూషకాలు. అవి నీటి అడుగున నాచులా ఊగుతుంటాయి. వాటి మధ్య ఒకచోట కుంకుమ బొట్టంత ఎర్రని మచ్చ. అన్నాళ్లూ దొరకని రక్తస్రావం అక్కడిదే కావచ్చు. ఒక్కోసారి మచ్చ బదులు పేగు గోడను కరిచిపట్టుకున్న కొంకిపురుగు కనిపిస్తుంది. చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరి లోపలికి చేరిన పురుగు అది! అలాంటప్పుడు చవకైన నులిపురుగుల మాత్రతో వైద్యం ముగుస్తుంది.

అన్ని వేల చిత్రాల్లో ఆ మచ్చ ఒకటి రెండింటిలోనే ఉండవచ్చు. వాటిని కూర్చుని చూడటం వైద్యుడికి పెద్ద పని. ఇప్పుడు కృత్రిమ మేధ మామూలు చిత్రాలను పక్కకు తీసి, అనుమానం ఉన్నవాటిని ముందుకు తెస్తోంది. తీర్పు మాత్రం వైద్యుడిదే.

‘నొప్పి లేని ఎండోస్కోపీ’ అన్న మాట విని, కడుపులో మంటకు కూడా ఈ మాత్రే కావాలని అడిగేవారుంటారు. అది పొరపాటు. విశాలమైన జీర్ణాశయంలో మామూలు కెమెరా మాత్ర దొర్లిపోతుందే తప్ప మనం చూపమన్న వైపు చూపదు. అక్కడ గొట్టమే నయం. పేగు ఎక్కడైనా ఇరుకైతే మాత్ర ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. అందుకే అనుమానం ఉన్నవారికి ముందుగా కరిగిపోయే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దారి పరీక్షిస్తారు. అసలు మాత్ర బయటకు వచ్చేదాకా ఎంఆర్ఐ గది వైపు వెళ్లకూడదు.

మన దేశంలో మరో చిక్కుంది. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి (పేగు ఏళ్ల తరబడి వాచి ఉండే జబ్బు) రెండూ చిన్నపేగు చివర దాదాపు ఒకేలాంటి పుండ్లు చేస్తాయి. క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే, లోపల ఉన్నది క్షయ అయినప్పుడు అది చెలరేగుతుంది. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఈ తేడా తేల్చడానికి చాలదు. పరీక్షకు పుండు నుంచి చిన్న ముక్క కావాలి, దాన్ని తుంచడానికి మాత్రకు చేతులు లేవు. పుండు పెద్దపేగు మొదటికి దగ్గరగా ఉంటే కింది నుంచి వేసే కొలనోస్కోపీ గొట్టం అందుకుంటుంది. ఇంకా లోపలుంటే జపాన్ వైద్యుడు హిరోనోరి యమమొతో రూపొందించిన రెండు బుడగల ఎండోస్కోప్ దించుతారు. ఒక బుడగ ఉబ్బి పేగును పట్టుకుంటే, రెండోది ముందుకు సాగుతుంది. చొక్కా చేతిని మడతలుగా పైకి లాక్కున్నట్టు పేగును గొట్టం మీదికి పోగేసుకుంటూ, మాత్ర చూపిన చోటికి చేరి, గింజంత ముక్క తుంచుకుని వస్తారు.