పంపు మార్చే ముందు ఒత్తిడి కొలవండి: జర్మన్ కార్ల గురించి అపోహలు - వాస్తవాలు

జర్మన్ పెర్ఫార్మెన్స్ కార్లు బాగుచేయడమే నా వృత్తి. పాత కారు కొనాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇంధన పంపు గురించే. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ ఆ భయంతోనే చాలామంది బాగున్న పంపులను తీసి పారేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: జర్మన్ కారంటే పంపు పోవడం ఖాయం.

ఈ మాట ఎక్కువగా బీఎండబ్ల్యూ ఎన్54 ఇంజిన్ వల్ల పుట్టింది. 2006లో 335ఐ కారుతో వచ్చిన మూడు లీటర్ల, రెండు టర్బోల ఇంజిన్ అది. 2007లోనూ 2008లోనూ ప్రపంచ ఉత్తమ ఇంజిన్‌గా పురస్కారం అందుకుంది. దానికి పెట్రోలు అందించే హై ప్రెజర్ పంపు మాత్రం అమెరికాలో యజమానులను ఏడిపించింది. పొద్దున్నే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజిన్ అందుకోదు. హైవే మీద ముందు బండిని దాటబోతుంటే ఉన్నట్టుండి పికప్ చచ్చిపోతుంది. కొందరికి కొత్తగా వేసిన పంపు కూడా పోయింది. కంపెనీ అక్కడ ఆ పంపు వారంటీని పదేళ్లకు లేదా 1,20,000 మైళ్లకు పెంచింది. 2010 అక్టోబరులో, 2007-2010 మోడళ్లకు చెందిన సుమారు 1,30,000 కార్లను వెనక్కి పిలిచింది. పంపునూ పలుమార్లు సవరించింది.

కాబట్టి లోపం నిజమే, కానీ అది ఒక ఇంజిన్‌కు వేసిన ఒక పంపులోని లోపం. దాన్ని దేశం మొత్తానికి అంటగట్టడం న్యాయం కాదు. నమ్మకానికి మారుపేరుగా మనం చెప్పుకునే టయోటా కూడా 2020లో ప్రపంచవ్యాప్తంగా 30 లక్షలకు పైగా కార్లను ఇంధన పంపు కోసమే వెనక్కి పిలిచింది. అక్కడ ట్యాంకులోని పంపు చక్రం పెట్రోలు పీల్చుకుని ఉబ్బి, తిరగకుండా పట్టేసేది.

అపోహ: డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగి పికప్ తగ్గితే హై ప్రెజర్ పంపు పోయినట్టే.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఈ కార్లలో పంపులు రెండు. ట్యాంకులో కరెంటుతో తిరిగే పంపు దాదాపు 5 బార్ ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోస్తుంది. ఇంజిన్ మీద ఉండే రెండో పంపు దాన్ని 200 బార్ వరకు పెంచి, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు ఇస్తుంది. మనం టైరులో 33 గాలి పెట్టించుకుంటాం కదా, అదే లెక్కలో ఇది 2,900! మొదటి పంపు సరిగా అందించకపోతే రెండోది ఏం చేయగలదు? స్కానరులో కనిపించే పీ0087 కోడ్ ఒత్తిడి తగ్గిందని మాత్రమే చెబుతుంది. తప్పు ఎవరిదో చెప్పదు.

పోయిన వానాకాలంలో ఒకాయన వచ్చారు. వేరే చోట కొత్త హై ప్రెజర్ పంపు వేయించుకున్నా జబ్బు అలాగే ఉంది. తక్కువ ఒత్తిడి లైనుకు గేజి తగిలించాను. నిలబెట్టి ఉన్నప్పుడు ముల్లు 5 దగ్గర కదలకుండా ఉంది. రోడ్డు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే 3 కిందికి జారిపోయింది. వెనక సీటు ఎత్తి ట్యాంకు పంపు కనెక్టర్ ఊడదీస్తే ఒక పిన్ను నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. ఆ కనెక్టర్ మార్చడంతో సమస్య తీరిపోయింది. ఆయన పారేసిన పాత పంపుకు ఏ జబ్బూ లేదని నా నమ్మకం.

అపోహ: పంపు మారిస్తే పని అయిపోయినట్టే.

ఫోక్స్‌వ్యాగన్, ఆడీల పాత 2.0 టీఎఫ్ఎస్ఐ (ఈఏ113) ఇంజిన్‌లో ముందు అరిగేది పంపు కాదు, దాని కింద ఉండే ఫాలోయర్. పంపును నొక్కి నడిపే క్యామ్‌షాఫ్టు అనే ఇరుసుకూ పంపు పిస్టనుకూ మధ్య కూర్చునే చిన్న ఉక్కు గిన్నె అది. తీసి వెలుతురులో తిప్పి చూడండి. మొదట నల్లటి పూత మధ్యలో చెరిగి ఉక్కు మెరుస్తుంది, తర్వాత గుంట పడుతుంది, చివరికి చిల్లు పడుతుంది. చిల్లు పడ్డాక పిస్టను నేరుగా క్యామ్‌ను గీకుతుంది. అరిగిన క్యామ్ మీద కొత్త పంపు బిగించి పంపడం తప్పు, దాన్ని పని అనను. మూడు బోల్టులు తీస్తే కనిపించే భాగం ఇది. నేనైతే ప్రతి 30,000 కిలోమీటర్లకు తీసి చూస్తాను. తర్వాత వచ్చిన ఈఏ888 ఇంజిన్‌లో గిన్నెకు బదులు దొర్లే రోలర్ పెట్టడంతో ఈ బాధ తప్పింది.

అపోహ: ఖరీదైన పెట్రోలు పోస్తే పంపు కోలుకుంటుంది.

ఆ పెట్రోలులో ఎక్కువ ఉండేది ఆక్టేన్. అది పెరిగితే ఇంజిన్‌లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) తగ్గుతుంది, అంతే. అరిగిన లోహం తిరిగి రాదు. పంపు మీద నిజంగా ప్రేమ ఉంటే ట్యాంకు అడుగంటే దాకా నడపకండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

అపోహ: రీమ్యాప్‌కూ పంపుకూ సంబంధం లేదు.

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటరులో ప్రోగ్రాం మార్చి శక్తి పెంచడం. శక్తి పెంచితే పెట్రోలు ఎక్కువ కావాలి, అది రావలసింది ఆ పంపులోంచే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఇప్పుడు మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో అదే శక్తి రావాలంటే పంపు మరికాస్త ఎక్కువ తోయాలి. రీమ్యాప్ చేయించే ముందు, ఆ తర్వాత రెండు పంపుల రీడింగులూ రాయించుకోండి. మీ కారుకు ఎంత ఇథనాల్ వరకు సరిపోతుందో మాన్యువల్‌లో గానీ పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీద గానీ చూడండి.

పాత కారు కొనడానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టి ఎన్ని సెకన్లకు అందుకుంటుందో లెక్కపెట్టండి. తర్వాత ఇంజిన్ ఆపి ఆయిల్ మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, పంపు సీలుగానీ ఇంజెక్టరుగానీ కారుతోందేమో తేల్చుకునేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.