'గోంగూర'కి ఎక్కువ బరువు, 'ఎలా'కి తక్కువ: కారెన్ స్పార్క్ జోన్స్ లెక్క

ఫోన్‌లో "గోంగూర పచ్చడి ఎలా చేయాలి" అని టైప్ చేసి చూడండి. 'ఎలా', 'చేయాలి' అనే మాటలు లెక్కలేనన్ని పేజీల్లో ఉంటాయి. ఆధార్ అప్‌డేట్ ఎలా చేయాలి, ఉపవాసం ఎలా చేయాలి, ఇలా ఎన్నో. అయినా మన ముందుకొచ్చేది గోంగూరే. అందులో ఏ మాట ముఖ్యమో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు, కానీ మెషీన్‌కి గోంగూర పుల్లగా ఉంటుందని తెలీదు, అసలు అది ఆకుకూర అనే తెలీదు. మరి ఆ మాటనే పట్టుకోవాలని దానికెలా తెలిసింది?

దీనికి 1972లో లెక్క రూపంలో జవాబు రాసినావిడ కారెన్ స్పార్క్ జోన్స్. ఆవిడ చదివింది గణితం కాదు, చరిత్ర!

1935లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టారు. తల్లిది నార్వే, తండ్రి కెమిస్ట్రీ లెక్చరర్. కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీలో చరిత్ర, తర్వాత ఒక ఏడాది తత్వశాస్త్రం చదివి, కొన్నాళ్లు స్కూల్లో టీచరుగా చేశారు. 1950ల చివర్లో మార్గరెట్ మాస్టర్‌మన్ నడిపే కేంబ్రిడ్జి భాషా పరిశోధన బృందంలో చేరారు. కంప్యూటర్‌తో అనువాదం చేయించాలని, మాటల అర్థాలు దానికి పట్టించాలని తంటాలు పడుతున్న చోటు అది. 1964 నాటి కారెన్ థీసిస్ కూడా దాని గురించే: ఏ మాట ఏ మాటకి దగ్గరో మెషీన్ తనంతట తాను ఎలా తేల్చుకోవాలి అని. అది పుస్తకంగా అచ్చయింది 1986లో. ఇరవై రెండేళ్లు! నాకైతే ఆ సంఖ్య చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

సరే, 1972 లెక్కకి వద్దాం. మీ దగ్గర వెయ్యి వ్యాసాలు ఉన్నాయనుకోండి. 'ఎలా' అనే మాట 500 వ్యాసాల్లో ఉంది, 'పచ్చడి' 100లో, 'గోంగూర' పదింటిలో. మొత్తం వ్యాసాల సంఖ్యని ఆ మాట ఉన్న వ్యాసాల సంఖ్యతో భాగించండి: 2, 10, 100 వస్తాయి. వీటికి లాగరిథమ్ తీయండి, అంటే 10ని ఏ ఘాతానికి ఎక్కిస్తే ఆ సంఖ్య వస్తుందో చూడండి (10ని తీసుకుంది సులువు కోసమే): 'ఎలా'కి 0.3, 'పచ్చడి'కి 1, 'గోంగూర'కి 2. అంతే, ఇవే బరువులు. వెయ్యింటిలోనూ కనిపించే మాటైతే భాగహారంలో 1 వస్తుంది, దాని లాగరిథమ్ సున్నా, అంటే వెతకడానికి ఆ మాట ఎందుకూ పనికిరాదు. లాగరిథమ్ లేకపోతే ఒక్క వ్యాసంలో మాత్రమే ఉన్న మాటకి ఏకంగా వెయ్యి బరువు వచ్చి మిగతా మాటల్ని తొక్కేస్తుంది, ఇప్పుడు 3 దగ్గర ఆగుతుంది.

ఆ మాట ఆ పేజీలో ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యతో ఈ బరువుని గుణించడం అమెరికాలో జెరార్డ్ సాల్టన్ బృందం చేసింది. అలా చేస్తే ఆరుసార్లు 'ఎలా' అన్న పేజీకి 1.8 వస్తుంది, ఒక్కసారి 'గోంగూర' అన్న పేజీకి 2.

చూడ్డానికి చిన్న లెక్కే, కానీ దీని వెనకున్న ఆలోచన నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఒక మాట ఎంత ప్రత్యేకమైనదో దాని అర్థంలోంచి తీయాలని అప్పటిదాకా చూశారు. కారెన్ మాత్రం దాని వాడకంలో చూడమన్నారు. అన్నీ వంటల వ్యాసాలే ఉన్న చోట 'పచ్చడి'కి విలువ లేదు, గుండె జబ్బుల వ్యాసాల మధ్య అదే మాట కనిపిస్తే వెంటనే పట్టేసుకోవచ్చు. మాట అదే, చుట్టూ ఉన్నవి మారితే బరువు మారిపోయింది. ఆవిడ దీన్ని పరీక్షించింది కొన్ని వందల డాక్యుమెంట్ల మీదే, ఇంటర్నెట్ అనేది జనానికి తెలియని రోజుల్లో. 1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆ దారిలోనే వచ్చిన బీఎం25 అనే పద్ధతి ఈరోజుకీ ఎన్నో వెబ్‌సైట్ల సెర్చ్‌లో పనిచేస్తోంది.

మన భాష దగ్గర మాత్రం ఈ లెక్కకి ఒక చిక్కుంది. గోంగూర, గోంగూరతో, గోంగూరని, గోంగూరలో, ఇవన్నీ మనకి ఒకటే, కానీ ఖాళీల దగ్గర మాటల్ని విడగొట్టే మెషీన్‌కి నాలుగు వేరువేరు మాటలు. ఒక్కోటీ విడిగా తక్కువ వ్యాసాల్లో కనిపిస్తుంది కాబట్టి ఒక్కోదానికీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు పడుతుంది, పైగా 'గోంగూర' అని వెతికితే 'గోంగూరతో' అని మాత్రమే ఉన్న పేజీ దొరకదు. అందుకే తెలుగు సెర్చ్ బాగా పనిచేయాలంటే ముందు విభక్తులు విడదీయాలి, తర్వాతే కారెన్ లెక్క.

ఇంత చేసిన మనిషి కెరీర్‌లో ఎక్కువ భాగం గడిచింది గ్రాంట్ల మీద నడిచే ఉద్యోగాల్లోనే. ప్రొఫెసర్ అయింది 1999లో, రిటైరయింది 2002లో. భర్త రోజర్ నీధమ్ కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబ్‌కి అధిపతిగా చేశారు, పెళ్లయినా ఆవిడ తన ఇంటిపేరు మార్చుకోలేదు. 2007 ఏప్రిల్‌లో చనిపోయారు, బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ లవ్‌లేస్ మెడల్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే. కంప్యూటింగ్‌లోకి ఆడపిల్లలు రావాలని చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ఆవిడ తరచూ అనే మాట ఒకటుంది: కంప్యూటింగ్ చాలా ముఖ్యమైన పని, దాన్ని మగవాళ్లకే వదిలేయకూడదు.